ఋణములు, మాఫీ, సమాధానము: ప్రార్థనలో పాపపు ఒప్పుకోలు, క్షమాపణ
(మధిర ప్రాంత సంఘ జీవితపు నేపథ్యములో ఒక పరిశీలన)

ఉపోద్ఘాతము

ప్రభువు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలోని విన్నపాలు దాదాపు అన్నీ దేవుడు చేయవలసిన పనులను గూర్చినవే. నామము పరిశుద్ధపరచబడుట, రాజ్యము వచ్చుట, చిత్తము నెరవేరుట, అనుదినాహారము, కీడునుండి తప్పింపు: వీటిలో ప్రార్థించువాడు తన పనిని గూర్చి ఏమీ చెప్పడు. క్షమాపణ విన్నపంలో మాత్రమే తాను ఇతరుల యెడల చేసిన పనిని కూడా దేవుని ముందు ఉంచుతాడు. అంతేకాదు, మత్తయి సువార్తలో ప్రార్థన ముగిసిన వెంటనే (6:14-15) ప్రభువు తిరిగి వివరించిన విన్నపము కూడా ఇదొక్కటే. దీనినిబట్టి ఈ విన్నపానికి ఎంత బరువున్నదో గ్రహించవచ్చు.

అయినను మన సంఘాలలో ఈ విన్నపము రెండు విధాలుగా బలహీనపడుతున్నది. మొదటిది, ఒప్పుకోలు నోటికి అలవాటైన మాటగా మారుట. తెలిసి చేసినవి, తెలియక చేసినవి అన్నీ క్షమించుమని ఒక్క గుక్కలో చెప్పి ముందుకు సాగిపోతాము. ఏ పాపమో, ఎవరి యెడల చేసినదో మనసులోనైనా తలచము. రెండవది, క్షమించవలసిన భారము ఎల్లప్పుడు బలహీనుల మీదనే పడుట. త్రాగి వచ్చి కొట్టిన భర్తను భార్య క్షమించాలి. కూలి ఎగ్గొట్టిన ఆసామిని కూలివాడు క్షమించాలి. కులము పేరుతో దూషించినవానిని దూషింపబడినవాడు క్షమించాలి. కాని తప్పు చేసినవాడు ఏమైనా ఒప్పుకొన్నాడా అని అడిగేవారు అరుదు.

ఇది వాక్యానుసారమైన క్షమాపణయేనా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటయే ఈ వ్యాసపు ఉద్దేశము. బైబిలు దృష్టిలో క్షమాపణ అనగా బాధను దిగమింగుకొనుట కాదు, ఉన్న అప్పును రద్దు చేయుట. అప్పు రద్దు కావాలంటే అప్పు ఉన్నదని ముందు తేలాలి. అందుచేత ఒప్పుకోలును విడదీసి క్షమాపణను మాత్రమే బోధించు సంఘము అందులో సగభాగమునే బోధించుచున్నది. ఈ సంగతిని మొదట పదాలలోను, తరువాత మన ప్రాంతపు చరిత్రలోను, వాక్యంలోను, ఆరాధన క్రమంలోను పరిశీలిద్దాము.

1. 'ఒప్పుకోలు' అను మాట

తెలుగులో 'ఒప్పు' అనునది 'తప్పు'కు ఎదురు మాట. 'ఒప్పుకొను' అనగా సమ్మతించు. కౌలు ధరకు ఒప్పుకొంటాము, పెండ్లి సంబంధానికి ఒప్పుకొంటాము, కూలి రేటుకు ఒప్పుకొంటాము. ఒకడు తప్పు ఒప్పుకొన్నాడంటే తప్పును ఒప్పుగా మార్చుకొన్నాడని అర్థము కాదు. తనను గూర్చి చెప్పబడిన మాట నిజమేనని సమ్మతించాడని అర్థము. యోహాను మొదటి పత్రికలో (1:9) వాడబడిన గ్రీకు క్రియ 'హొమొలొగెయొ' భావము కూడా ఇదే: అదే మాట పలుకుట. నా పాపమును గూర్చి దేవుడు ఏమంటున్నాడో నేనును అదే అనుట ఒప్పుకోలు. అందుచేత సాకులు చెప్పుట, పరిస్థితులను నిందించుట, పాపానికి మెత్తని పేరు పెట్టుట ఒప్పుకోలు కానేరవు.

దావీదు వృత్తాంతము (2 సమూయేలు 12) దీనికి చక్కని ఉదాహరణ. పేదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను లాగుకొన్న ధనవంతుని కథ విన్నప్పుడు రాజు మండిపడ్డాడు, శిక్ష కూడా నిర్ణయించాడు. అప్పటికి అది ఇతరుని పాపము మీది తీర్పు మాత్రమే. ఆ ధనవంతుడు తానేనని నాతాను తేల్చి చెప్పిన తరువాత దావీదు పలికిన కొద్ది మాటలలో సాకు ఏదీ లేదు. ప్రవక్త చెప్పిన దానికి అతడు సమ్మతించాడు. అదే ఒప్పుకోలు.

హెబ్రీ భాషలో 'యాదా' అను ధాతువు ఒక రూపంలో స్తుతించుట అనియు, మరొక రూపంలో పాపము ఒప్పుకొనుట అనియు అర్థమిస్తుంది. గ్రీకులో 'ఎక్సొమొలొగెయొ' అను క్రియకు కూడా ఈ రెండు అర్థాలు ఉన్నాయి. ఆగస్టీను తన ప్రసిద్ధ గ్రంథానికి లతీనులో పెట్టిన పేరులో సైతము పాపపు ఒప్పుకోలు, దేవుని స్తుతి రెండూ కలిసే ఉన్నాయి. తెలుగు కతోలిక సంఘము ఈ సంస్కారాన్ని 'పాపసంకీర్తనము' అని పిలుచుట ఇక్కడ గమనింపదగినది. సంకీర్తన అనగానే మనకు స్తుతిగానము గుర్తుకు వస్తుంది. పాపమును దాచక చెప్పగలిగినవాడు తనకంటె గొప్ప కరుణ ఉన్నదని నమ్మినవాడే. కాబట్టి నిజమైన ఒప్పుకోలులో దేవుని మంచితనపు స్తుతి ఇమిడి ఉన్నది.

ఒప్పుకోలు ప్రత్యేకమైనదిగా ఉండవలెనని కూడా ధర్మశాస్త్రము కోరుచున్నది. లేవీయకాండము 5:5 ప్రకారము అపరాధి తాను ఏ విషయంలో పాపము చేశాడో ఆ విషయాన్నే ఒప్పుకోవాలి. సంఘమంతా కలిసి చేయు సామాన్యపు ఒప్పుకోలు మంచిదే, అవసరమైనదే. అయితే అది ప్రతివాడు తన పాపమును తాను ఉంచవలసిన పాత్ర వంటిది. పాత్రను మాత్రమే చేతులు మార్చుకొని, లోపల ఏమీ ఉంచకపోతే ప్రయోజనము లేదు.

2. క్షమ అనగా ఓర్పా, విడుదలయా?

'క్షమ' సంస్కృత పదము. దానికి ఓర్పు అని అర్థము. భూమికి కూడా అదే పేరు, ఎందుకనగా భూమి ఎంత త్రొక్కినా ఓర్చుకొంటుంది. మన సంస్కృతిలో ఈ గుణాన్ని ముఖ్యముగా స్త్రీలకు, పనివారికి అంటగట్టుట జరిగింది. క్షమాపణ అను మాట వినగానే తెలుగు విశ్వాసి మనసులో మొదట మెదిలేది ఈ ఓర్పే. అందుచేతనే 'క్షమించు' అను బోధ చాలాసార్లు 'నోరు మూసుకొని భరించు' అన్నట్టుగా వినబడుతుంది.

కాని క్రొత్త నిబంధనలో తరచుగా వాడబడిన క్రియ 'అఫియేమి'. విడిచిపెట్టు, పంపివేయు, రద్దుచేయు అని దాని అర్థాలు. దీని నామవాచకము 'అఫెసిస్'. ధర్మశాస్త్రపు గ్రీకు అనువాదంలో ఏడవ యేట అప్పులను విడిచిపెట్టుటకు (ద్వితీయోపదేశకాండము 15), ఏబదియవ సునాద సంవత్సరపు విడుదలకు (లేవీయకాండము 25) ఈ మాటనే వాడారు. నజరేతు సమాజమందిరంలో ప్రభువు చెరలో ఉన్నవారికి ప్రకటించిన విడుదల కూడా ఇదే మాట (లూకా 4:18). ఓర్పు భరించేవాని మనసులో జరిగే పని. అఫెసిస్ అయితే ఇద్దరి మధ్యనున్న కట్టును విప్పుతుంది.

ఈ అర్థానికి దగ్గరగా ఉన్న మాట మన గ్రంథ భాషలో కంటె మన ఊరి భాషలో ఉన్నది. అది 'మాఫీ'. నిజాము కాలపు కచేరీల నుండి ఉర్దూ ద్వారా వచ్చిన ఈ మాట తెలంగాణలో చదువురాని రైతుకు కూడా తెలుసు. 2008లో కేంద్ర ప్రభుత్వము, 2014 తరువాత లక్ష రూపాయల వరకు, 2024లో రెండు లక్షల వరకు రాష్ట్ర ప్రభుత్వము పంట రుణాలు మాఫీ చేశాయి. రుణమాఫీ అన్నప్పుడు ఎవరును ఓర్పు అని అర్థము చేసుకోరు. బాకీ ఖాతాలోనుండి పోయిందా లేదా అనే చూస్తారు.

మాఫీలో మరొక సత్యము కూడా ఉన్నది. మాఫీ అయిన అప్పు గాలిలో కలిసిపోదు. రైతు కట్టనక్కరలేని ఆ సొమ్మును ప్రభుత్వము బ్యాంకుకు కడుతుంది. ఎవరో ఒకరు భరించనిదే ఏ అప్పూ రద్దు కాదు. దేవుడు ఉచితముగా క్షమిస్తాడని మనము ప్రకటించునప్పుడు అది మనకు ఉచితమేగాని ఆయనకు ఉచితము కాదని మరువరాదు. సిలువ యొక్క అర్థము ఇక్కడనే ఉన్నది. హెబ్రీ భాషలో క్షమించుట కొరకు వాడిన 'నాసా' అను క్రియకు ఎత్తుట, మోయుట అని మూలార్థము. క్షమించువాడు మోయువాడు.

3. ఈ నేల మీద అప్పు అను మాట

మత్తయి సువార్త పాపమును 'అప్పు' అని పిలుస్తుంది (6:12). లూకా మొదటి భాగంలో 'పాపములు' అని వ్రాసినా, రెండవ భాగంలో మనకు అచ్చియున్నవారు అను భావమునే నిలుపుకొన్నాడు (11:4). యేసు మాట్లాడిన అరామిక్ భాషలో 'హోబా' అను ఒకే మాట అప్పుకు, పాపానికి వాడుకలో ఉండేది. తెలుగు బైబిలు మత్తయిలో 'ఋణములు' అను మాటనే ఉంచింది. ఆరాధనలో కొన్ని సంఘాలు 'ఋణములు' అనియు, కొన్ని 'అపరాధములు' అనియు పలుకుతాయి. రెండింటికి ఆధారమున్నది. అయితే ఈ ప్రాంతపు చరిత్ర ఎరిగినవారికి 'ఋణము' అను మాటలోని బరువు మరింతగా తెలుస్తుంది.

మధిర వైరా నది ఒడ్డున, కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో ఉన్న పట్టణము. 1948 వరకు ఇది నిజాము పాలనలోని హైదరాబాదు రాజ్యములో ఉండేది. 1953 అక్టోబరు 1న వరంగల్ జిల్లానుండి ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు అందులో భాగమైంది. తూర్పుననున్న భద్రాచలము అప్పటికి మద్రాసు రాష్ట్రంనుండి ఆంధ్ర రాష్ట్రానికి వచ్చిన గోదావరి ప్రాంతములోనిది, 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. ఈ తెలంగాణ పల్లెల్లో సువార్తను మొదట పెద్ద సంఖ్యలో అంగీకరించినవారు మాల, మాదిగ కుటుంబాలవారు. వారిలో అనేకులు అప్పుకు బదులుగా దొరల యిండ్లలో, పొలాల్లో తరతరాలు పనిచేసినవారు. తండ్రి తీసుకొన్న కొద్దిపాటి అప్పుకు కొడుకు పనికి కుదిరేవాడు. పని చేసినకొద్దీ అప్పు తరుగుటకు మారుగా పెరిగేది. దీనినే భగేలా అన్నారు, జీతము అన్నారు.

1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టము తాను నిషేధించిన ఆచారాల పేర్లను వరుసగా పేర్కొన్నది. ఆ వరుసలో భగేలా, జీత, పాలేరు, వెట్టి అను పేర్లు ఉన్నాయి. ఆ చట్టము చేసిన పనులు మూడు. మొదటిది, మనిషిని పనినుండి విడిపించింది. రెండవది, అతని మీదనున్న అప్పును రద్దు చేసింది. మూడవది, రద్దయిన అప్పును తిరిగి వసూలు చేయుట నేరమని చెప్పింది. మనిషిని విడిపించి అప్పును ఉంచితే మరునాడు అతడు మరల బందీయే. అప్పును రద్దుచేసి వసూలును ఆపకపోతే ఆ రద్దుకు విలువలేదు.

క్షమాపణ విన్నపాన్ని ఒక భగేలా కూలి నోట ఊహించుకొంటే దాని అర్థము మారిపోతుంది. అతనికి అప్పు అనగా ఒక లెక్క మాత్రమే కాదు, బానిసత్వము. దేవా, నా అప్పు రద్దుచేయుమనుట అతనికి విడుదల కోరుటయే. అదే సమయంలో తనకు అచ్చియున్నవారిని తాను విడిచిపెట్టాననుట కూడా అతని నోట ఒక ఆశ్చర్యకరమైన మాట. లోకపు లెక్కలో అతడు ఎప్పుడూ బాకీదారుడే. దేవుని ముందు మాత్రము ఇతరులు తనకు బాకీపడ్డారనియు, దానిని విడిచిపెట్టు అధికారము తన చేతిలో ఉన్నదనియు ఈ ప్రార్థన అతనికి చెబుతుంది. క్షమించమని అడుగుట అతని గౌరవాన్ని తగ్గించదు. క్షమించగలవాడుగా అతనిని నిలబెట్టుట ద్వారా దానిని పెంచుతుంది. కాని ఇది జరుగవలెనంటే అతనికి నిజముగా అన్యాయము జరిగిందని సంఘము ముందు ఒప్పుకోవాలి.

నేటికిని అప్పు ఈ ప్రాంతపు దినచర్యలోనిదే. పత్తి, మిరప వేసిన రైతు విత్తనాలకు, పురుగుమందులకు అప్పు చేస్తాడు. ప్రామిసరీ నోటు వ్రాస్తాడు. కట్టిన సొమ్ముకు నోటు వెనుక చెల్లు వేయించుకొంటాడు. మూడేండ్ల గడువు దాటకముందే అప్పిచ్చినవాడు వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయించుకొంటాడు. అప్పు తీరిననాడు నోటును చేతికిచ్చి చింపివేస్తారు. అపొస్తలుడైన పౌలు కొలొస్సయులకు వ్రాస్తూ (2:14) 'ఖెయిరొగ్రఫొన్' అను మాట వాడాడు. బాకీదారుడు తన చేతితో వ్రాసి ఇచ్చు పత్రము అని దాని అర్థము, అనగా మన నోటు వంటిదే. దేవుడు దానిని తుడిచివేసి, సిలువకు కొట్టివేశాడని అపొస్తలుని బోధ. మనలో కొందరు క్షమించానని చెప్పి ప్రతి తగాదాలో పాతవన్నీ తవ్వి తీస్తారు. అది నోటు చింపుట కాదు, నోటు తిరగరాయుట.

ఇతరుడు తన అప్పు కట్టాడను కథ మన పొరుగువారికి కూడా కొత్త కాదు. ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న భద్రాచల రామాలయ నిర్మాణానికి సర్కారు సొమ్ము వాడినందుకు గోలకొండ చెరసాలలో పడ్డాడనియు, శ్రీరాముడే మారువేషంలో వచ్చి తానీషాకు ఆరు లక్షలు చెల్లించి రసీదు పుచ్చుకొన్నాడనియు జనశ్రుతి. ఈ కథలో విడుదల పొందినవాడు భక్తుడు. రోమా పత్రిక (5:8-10) చెప్పు సువార్తలోనైతే అప్పు తీర్చబడినవారు శత్రువులు. ఈ తేడాను గౌరవముతో వివరించగలిగితే, ఒకరి అప్పు మరొకరు తీర్చుట అను భావము ఇక్కడి ప్రజలకు అర్థముకానిది కాదని సేవకులు గ్రహించగలరు.

4. పదివేల తలాంతులు, నూరు దేనారములు

క్షమాపణను అప్పు భాషలో వివరించిన ఉపమానము మత్తయి 18:23-35లో ఉన్నది. ఇందులోని లెక్కలను జాగ్రత్తగా చూడవలసి ఉన్నది. దేనారము ఒక దినపు కూలి (మత్తయి 20:2). ఒక తలాంతు సుమారు 6,000 దేనారములు. కాబట్టి పదివేల తలాంతులు అనగా ఆరు కోట్ల దినాల కూలి. ఏటికి 300 దినాలు పనిచేసినా రెండు లక్షల సంవత్సరాలు పడుతుంది. హేరోదు అంతిపకు గలిలయ, పెరయ ప్రాంతాలనుండి వచ్చిన సాలుసరి ఆదాయము 200 తలాంతులని యూదా చరిత్రకారుడు జోసీఫస్ వ్రాశాడు. అనగా ఆ దాసుని అప్పు ఒక చిన్న రాజ్యపు ఏబది సంవత్సరాల రాబడి. వినువారు నోరు తెరవవలెననియే ప్రభువు ఈ అంకె చెప్పాడు.

రెండవ అప్పు నూరు దేనారములు. మొదటిదానితో పోల్చితే అది ఆరు లక్షలలో ఒక వంతు. అందుచేత బోధకులు తరచుగా దానిని చిల్లర అప్పు అని కొట్టివేస్తారు. ఇది సరికాదు. నూరు దినాల కూలి ఒక పేద కుటుంబానికి చిన్నది కాదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము ఒక కుటుంబానికి ఏటా హామీ ఇచ్చిన పని దినాలు నూరే. అంత కూలి పోయినవానికి అది ఎంత దెబ్బయో మనకు తెలుసు. మనుష్యులు మనకు చేసిన కీడు లెక్కకు రానిదని యేసు చెప్పలేదు. అది నిజమైన అప్పేనని ఒప్పుకొని, దానికి ఒక లెక్క కూడా ఇచ్చి, దానిని దేవుడు మనకు విడిచిపెట్టిన అప్పు ప్రక్కన ఉంచి చూపించాడు.

ఇంకొక విషయము. ఉపమానంలో ఇద్దరు బాకీదారులును సాగిలపడి తాము అచ్చియున్నామని ఒప్పుకొన్నారు. అప్పు లేదని ఎవడును బుకాయించలేదు. రాజుకు కోపము తెప్పించినది ఒప్పుకొని వేడుకొన్నవానిని గొంతు పట్టుకొనుట. ఈ వాక్యభాగాన్ని, చేసిన కీడును ఒప్పుకోనివాని పక్షాన బాధితులమీద ప్రయోగించుట ఉపమానాన్ని తలక్రిందులు చేయుటయే. దీనికి ముందున్న వచనాలు (18:15-17) తప్పిదము చేసిన సహోదరుని ఒంటరిగాను, తరువాత సాక్షులతోను, చివరకు సంఘము ద్వారాను గద్దించుమని చెబుతున్నవి. డెబ్బదియేళ్ల మారులు క్షమించుట అను బోధ ఈ గద్దింపు క్రమము తరువాతనే వచ్చింది.

5. ఒప్పుకోలు, తిరిగి ఇచ్చుట

తెలంగాణ పల్లెల్లో పెద్దమనుషుల పంచాయితీ వేసే జరిమానాను కూడా 'తప్పు' అనే అంటారు. తప్పు చేసినవాడు తప్పు కట్టాలి. నేరానికి, దాని వెలకు ఒకే పేరు. ఈ వాడుకలో కొంత అన్యాయము జరిగే అవకాశమున్నది, ఎందుకనగా డబ్బున్నవాడు తప్పు కట్టి మరల అదే పని చేయగలడు. అయినను నోటి మాటతో మాత్రమే నేరము తీరదను సత్యము ఇందులో ఉన్నది.

ధర్మశాస్త్రము ఈ సత్యాన్ని మరింత స్పష్టముగా చెబుతుంది. పొరుగువానిని మోసగించినవాడు, కుదువపెట్టిన దానిని కాజేసినవాడు దానిని పూర్తిగా తిరిగి ఇచ్చి, అయిదవ వంతు అదనముగా కలపాలి. ఆ తరువాతనే బలి అర్పించాలి (లేవీయకాండము 6:1-7). సంఖ్యాకాండము 5:5-8లో ఒప్పుకోలు, తిరిగి ఇచ్చుట ఒకే వాక్యభాగంలో కలిసి ఉన్నాయి. యేసును తన యింట చేర్చుకొన్న జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇచ్చుటకు సిద్ధపడ్డాడు (లూకా 19). ప్రభువు అతనిని డబ్బు అడుగలేదు. క్షమాపణ పొందిన హృదయము తానుగా లెక్క సరిచేయుటకు పూనుకొన్నది.

ఇక్కడ ఒక అపార్థము తొలగించాలి. తిరిగి ఇచ్చుట క్షమాపణకు ధర కాదు. అలాగైతే కృప కృప కాదు. తప్పిపోయిన కుమారుని తండ్రి, కుమారుడు తన ఒప్పుకోలు పూర్తి చేయకముందే పరుగెత్తి మెడమీద పడ్డాడు. దేవుని క్షమించు మనస్సు ఎల్లప్పుడు మన ఒప్పుకోలుకు ముందున్నది. అయితే ఆ కుమారుడు ఇంటికి నడిచి రావలసి వచ్చింది. కృప అతనికొరకు తలుపు తెరిచింది, లోపలికి అడుగు వేసింది అతని ఒప్పుకోలు. తిరిగి ఇచ్చుట ఇంటికి వచ్చినవాని క్రొత్త జీవితము.

కతోలిక బోధలో పశ్చాత్తాపము, ఒప్పుకోలు, పరిహారము అను మూడును పాపి చేయవలసిన క్రియలు. లూథరు 1517 నాటి తన మొదటి సిద్ధాంతంలోనే మారుమనస్సు విశ్వాసి జీవితమంతా సాగవలసినదని వాదించాడు. పరిహారమును పుణ్యముగా లెక్కించరాదని సంస్కర్తలు చెప్పినది సరియే. కాని పరిహారము అను మాటను పూర్తిగా విడిచిపెట్టుటవలన ప్రొటెస్టంటు సంఘాలు ఎగ్గొట్టిన కూలిని గూర్చి, ఆక్రమించిన గట్టును గూర్చి మాట్లాడు భాషను కొంత పోగొట్టుకొన్నవి. ఈ విషయంలో ఇరు పక్షాలవారు ఒకరినుండి ఒకరు నేర్చుకొనవలసినది ఉన్నది.

6. ఆరాధన క్రమంలో ఒప్పుకోలు, సమాధానము

ఆదిసంఘములో ఒప్పుకోలు కేవలము వ్యక్తిగతమైనది కాదు. 'దిదాఖే' అను ప్రాచీన గ్రంథము ప్రభువు దినమున రొట్టె విరుచుటకు ముందు పాపములు ఒప్పుకొనవలెననియు, కలహపడినవారు సమాధానపడువరకు కూడికలో చేరరాదనియు ఆదేశించింది. ఘోర పాపాలకు బహిరంగ పశ్చాత్తాపము ఉండేది. క్రమేణ ఐర్లండు సన్యాసుల ద్వారా ఏకాంతపు ఒప్పుకోలు వ్యాపించింది. 1215 నాటి నాలుగవ లాటరన్ సభ ప్రతి విశ్వాసి ఏడాదికొకసారైనా గురువు నొద్ద ఒప్పుకొనవలెనని నిర్ణయించింది. 1988లో వరంగల్ మేత్రాసనంనుండి వేరుగా ఏర్పడిన ఖమ్మం మేత్రాసనపు సంఘాలు ఈ సంప్రదాయములోనివే.

ఖమ్మం ప్రాంతపు ఆంగ్లికను సంఘాలు దోర్నకల్ అధ్యక్ష మండలమునకు చెందినవి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు ఈ మండలపు మొదటి బిషప్పు. ఆంగ్లికను సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనే. ఆ సంఘపు 1662 నాటి ప్రార్థన గ్రంథంలో బల్లారాధనను గూర్చిన ఒక నియమము ఈ వ్యాసానికి ముఖ్యమైనది. పగతో ఉన్న ఇద్దరిని సమాధానపడువరకు బల్లకు రానీయరాదు. ఒకడు క్షమించుటకును, తన తప్పు సరిచేసికొనుటకును సిద్ధముగా ఉండి, రెండవవాడు మొండికేసినయెడల, సిద్ధపడినవానిని చేర్చుకొని మొండివానిని ఆపాలి. క్షమించు భారము ఒక్కరి మీదనే వేయక, ఇద్దరి స్థితిని విడివిడిగా పరీక్షించమని ఈ నియమము కాపరిని కోరుచున్నది.

అజరయ్య గారి జీవితంలోనే దీనికి సంబంధించిన ఒక సంగతి ఉన్నది. దోర్నకల్‌లో సేవచేయుచున్న కాలంలో, 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ప్రసంగించారు. మిషనరీలకు, భారతీయ సేవకులకు మధ్య నిజమైన స్నేహము కొరవడిందని అందరి ఎదుట చెప్పారు. ఆ మాటలు కొందరికి కష్టము కలిగించాయి. కాని ఆయన ఆ మిషనరీలను ద్వేషించలేదు, వారితో కలిసి పనిచేయుట మానలేదు. జరిగిన కీడుకు పేరు పెట్టుట, క్షమించుట ఒకదానికొకటి విరోధములు కావని ఆయన ప్రవర్తన చూపుచున్నది.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు దోర్నకల్ మండలము అందులో చేరింది. 1950లో ఆ సంఘము ప్రభురాత్రి భోజనమునకు క్రొత్త ఆరాధన క్రమము సిద్ధపరచింది. అందులో పాపపు ఒప్పుకోలు ఆరంభపు సిద్ధపాటులో ఉన్నది. వాక్యము, విజ్ఞాపనలు ముగిసిన తరువాత, కానుకలకు, రొట్టె విరుచుటకు ముందు 'సమాధానము' ఇచ్చిపుచ్చుకొనుట ఉన్నది. కేరళ సిరియను క్రైస్తవుల ఆచారమును అనుసరించి, గురువునుండి ఒకరి చేతులలోనుండి మరొకరి చేతులలోనికి అది సాగుతుంది. అర్పణ బలిపీఠము వద్ద విడిచి సహోదరునితో సమాధానపడుమను ప్రభువు ఆజ్ఞకు (మత్తయి 5:23-24) ఇది ఆరాధనలోని రూపము. అదే సంవత్సరము జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 17వ అధికరణము ద్వారా అంటరానితనమును రద్దు చేసింది. ముట్టరాని చేతులని పిలువబడిన చేతులను అందరి ఎదుట పట్టుకొనుట ఈ నేలమీద ఉత్తుత్తి ఆచారము కాదు. అది ఒక ఒప్పుకోలు.

తెలుగులో 'సమాధానము' అను మాటకు రెండు అర్థాలున్నవి. శాంతి ఒకటి, జవాబు మరొకటి. పొరుగువానికి సమాధానము చెప్పుకొనవలసినవాడు సమాధానము చెప్పకుండ సమాధానము పొందగోరుట జరుగని పని. మన భాషయే ఈ సంగతిని మనకు బోధించుచున్నది.

7. సేవకులకు కొన్ని సూచనలు

మొదటిది, క్షమించు మనస్సును, సమాధానపడుటను వేరుచేసి బోధించాలి. సిలువ మీద ప్రభువు, రాళ్ల దెబ్బల మధ్య స్తెఫను తమ శత్రువులు ఒప్పుకొనకముందే వారికొరకు ప్రార్థించారు. పగ విడిచిపెట్టుట, తీర్పు దేవునికి అప్పగించుట బాధితుడు ఒంటరిగా చేయగలడు, ప్రభువు బలముతో చేయాలి. సమాధానము మాత్రము ఇద్దరితో జరిగే పని. లూకా 17:3-4లో గద్దింపు, మారుమనస్సు, క్షమాపణ వరుసగా ఉన్నాయి.

రెండవది, కొట్టబడుచున్న స్త్రీకి క్షమించుమని చెప్పి అదే యింటికి పంపుట కాపరి పని కాదు. ముందు ఆమె క్షేమము చూడాలి. గృహహింసనుండి రక్షణ కల్పించు 2005 నాటి చట్టమును ఆమెకు తెలియజేయాలి. చట్టము సహాయము కోరుట క్షమించకపోవుట కాదు. శిక్ష అనుభవించుచున్నవానిని కూడా క్షమించవచ్చును.

మూడవది, ఒప్పుకోలును మొదట సంఘ పెద్దలు నేర్చుకోవాలి. సంఘపు లెక్కలలో, కుల పక్షపాతములో, వరకట్నపు బేరములో తప్పినవారు పెద్దలే అయినప్పుడు, సామాన్యుల చిన్న తప్పులను మాత్రమే బహిరంగపరచుట న్యాయము కాదు.

నాలుగవది, యాకోబు 5:16 ఒకరితోనొకరు ఒప్పుకొనుమని చెప్పినది స్వస్థత కొరకు, అవమానము కొరకు కాదు. పాపము ఎంతవరకు వ్యాపించిందో ఒప్పుకోలు అంతవరకే వెళ్లాలి. రహస్య పాపము దేవునికి, ఒకరి యెడల చేసినది ఆ ఒకరికి, సంఘమును గాయపరచినది సంఘమునకు. విన్న కాపరి దానిని ప్రసంగపు ఉదాహరణగా మార్చరాదు.

అయిదవది, సామాన్యపు ఒప్పుకోలు చదువునప్పుడు కొద్దిసేపు మౌనము ఉంచాలి. ఆ మౌనములో ప్రతివాడు తన అప్పును పేరుతో తలచుకొనగలడు.

ముగింపు

ప్రభువు నేర్పిన ప్రార్థన మనలను ఏకకాలమందు బాకీదారులుగాను, అప్పిచ్చినవారుగాను దేవుని ముందు నిలబెడుతుంది. బాకీదారులుగా మనము ఒప్పుకోవాలి, అప్పిచ్చినవారుగా విడిచిపెట్టాలి. ఒప్పుకోలు లేని క్షమాపణ బోధ బలవంతునికి అనుకూలముగాను, బలహీనునికి భారముగాను మారుతుంది. క్షమాపణ లేని ఒప్పుకోలు అయితే మనిషిని నిరాశలోనికి నెట్టుతుంది. రెండును కలిసినచోటనే అప్పు రద్దవుతుంది. అప్పుల బరువు ఏమిటో బాగుగా ఎరిగిన మధిర ప్రాంతపు సంఘాలు ఈ విన్నపమును మిగతావారికంటె లోతుగా ప్రార్థించగలవు. వచ్చే ఆదివారము ఆ మాటలు పలుకునప్పుడు, నేను ఎవరికి సమాధానము చెప్పుకోవాలి, ఎవరి నోటు నేను ఇంకను చింపక దాచుకొన్నాను అని ప్రతి విశ్వాసి తన్నుతాను అడుగుకొనుట మంచిది.